పొగ కనబడని కారు గాలిని ఎలా పాడుచేస్తుంది?

జనవరి చలిలో ఒక పొద్దున కారు స్టార్ట్ చేసి, ముందు అద్దం మీది మంచు తుడుస్తున్నాను. పక్కింటి పాప, రెండో తరగతి చదువుతోంది, స్కూల్ బ్యాగు వీపుకు తగిలించుకుని వచ్చి కారు వెనకాల గొంతుక్కూర్చుంది. "అంకుల్, మీ కారు నుంచి నీళ్లు కారుతున్నయ్!" అని కేకేసింది. వెళ్లి చూస్తే నిజమే. సైలెన్సర్ కొస నుంచి చుక్క తర్వాత చుక్క పడుతోంది. కింద సిమెంటు మీద అరచేయంత తడి. పాప ఒక చుక్కను వేలి మీద పట్టింది. నీళ్లే. గొట్టంలోంచి పలచటి తెల్లని ఆవిరి తప్ప నల్లటి పొగ జాడ కూడా లేదు.

"ఏం కాలేదు బిడ్డా, కారు మంచిగనే ఉంది. పెట్రోల్ కాలితే నీళ్లు పుడతయ్" అన్నాను. పాప నమ్మలేదు. మంటలో నీళ్లు ఎట్లా పుడతాయి?

పెట్రోల్ అంటే కార్బన్, హైడ్రోజన్ పరమాణువులు గొలుసుల్లా అల్లుకున్న ద్రవం. అది మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ ఆ గొలుసులను తెంపి, కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్‌తో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోల్ పూర్తిగా కాలితే దాదాపు ఒక లీటరు నీరు తయారవుతుంది. మామూలుగా అది ఆవిరై పోతుంది కాబట్టి మన కంటబడదు. చలికాలం పొద్దున గొట్టం చల్లగా ఉంటే ఆ ఆవిరి లోపలే నీరుగా మారి చుక్కలు కారుతుంది.

తూకం లెక్క చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. లీటరు పెట్రోల్ బరువు ముప్పావు కిలో. అది కాలడానికి సుమారు 11 కిలోల గాలి కావాలి. అంటే 9 వేల లీటర్ల గాలి. ఒక మనిషి రోజంతా పీల్చేది కూడా కాస్త అటూఇటూగా అంతే. నల్గొండ నుంచి హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే చిన్న కారు 5 లీటర్ల పెట్రోల్ తాగి, 55 కిలోల గాలిని మింగుతుంది. ఇప్పుడొస్తున్న యూరియా బస్తా 45 కిలోలు. దానికంటే బరువైన గాలి ముందు నుంచి ఇంజన్‌లోకి వెళ్లి, వెనక గొట్టంలోంచి వేరే రూపంలో బయటికొస్తుంది. అందులో 11 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడే ఉంటుంది. ముప్పావు కిలో పెట్రోల్ నుంచి 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఎలా వస్తుందని చాలామందికి అనుమానం. ఆ పెరిగిన బరువంతా గాలిలోంచి వచ్చి కలిసిన ఆక్సిజన్‌ది.

కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కిస్తుంది. అది పెద్ద కథే, కానీ ఇక్కడ నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఊరి గాలిని పీల్చడానికి పనికిరాకుండా చేసేది వేరే ఉంది. సైలెన్సర్ నుంచి వచ్చేదాంట్లో దాదాపు అంతా నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరే. మనిషిని రోగం పాలు చేసేవన్నీ కలిపినా నూటికి ఒక పాలు, కొత్త బండ్లలో అంతకన్నా చాలా తక్కువ. చిక్కంతా ఆ ఒక్క పాలులోనే ఉంది.

అది ఎక్కడి నుంచి వస్తుందో అర్థం కావాలంటే కట్టెల పొయ్యి దగ్గరికి వెళ్లాలి. మా నాయనమ్మ పత్తికట్టె, కందికట్టెతో వంట చేసేది. కట్టె ఎండిందైతే, సందు చూసి పేర్చితే, మంట నీటుగా లేచేది. పచ్చి కట్టె పడినా, పొయ్యి నిండా కుక్కినా ఇల్లంతా పొగ. అప్పుడు ఆమె ఊదుగొట్టం అందుకుని రెండుసార్లు ఊదితే చాలు, పొగ భగ్గున మంటయ్యేది. పొగ మంటగా మారిందంటే అర్థమేమిటి? ఆ పొగ కూడా కట్టెలో కాలని భాగమే. దానికి గాలి అందలేదు, అంతే. ఇంజన్ సిలిండర్‌లోనూ ఇదే జరుగుతుంది. తేడా ఏమిటంటే, ఇంజన్ నిమిషానికి 2 వేల చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో సిలిండర్‌లో వెయ్యిసార్లు మంట పుట్టి ఆరిపోతుంది. ఒక్కో మంటకు దొరికే సమయం కన్నుమూసి తెరిచేలోపే. అంత తొందరలో ప్రతి పెట్రోల్ అణువుకూ ఆక్సిజన్ అందదు.

సగం అందిన చోట కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. చలికి తలుపులు బిగించుకుని గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవలేదన్న వార్తలు ఏటా చదువుతుంటాం. అక్కడ ప్రాణం తీసింది ఈ వాయువే. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. షట్టర్ దించిన గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి పెట్టకూడదని చెప్పేది అందుకే. ఇక సిలిండర్ గోడల దగ్గర, అక్కడి చల్లదనానికి మంట చేరకముందే ఆరిపోయిన చోట, పెట్రోల్ ముక్కలు ముక్కలుగా, కాలకుండానే బయటికొస్తుంది. అదే హైడ్రోకార్బన్లు. క్యాన్సర్ తెచ్చే బెంజీన్ ఈ గుంపులోదే.

ఈ రెండూ మంట సరిగా మండక వచ్చినవి. మరి మంట బ్రహ్మాండంగా మండితే? అక్కడే అసలు ముడి ఉంది. గాలిలో 78 శాతం నైట్రోజన్. మామూలుగా అది దేనితోనూ కలవదు, ఎవరి జోలికీ పోదు. కానీ సిలిండర్‌లో మంట 2 వేల డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి నైట్రోజన్ జంట విడిపోయి ఆక్సిజన్‌తో కలుస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. వీటికి ఇంధనంతో పనిలేదు. మనం పీల్చే గాలే వేడికి విషమవుతుంది. అంటే ఇంజన్ ఎంత బాగా, ఎంత వేడిగా పనిచేస్తే ఈ విషం అంత ఎక్కువ. బండికి సర్వీసింగ్ చేయిస్తే, మంచి పెట్రోల్ పోయిస్తే కాలుష్యం ఉండదనే మాట సగమే నిజం కావడానికి కారణం ఇదే.

డీజిల్ ఇంజన్‌లో ఈ ముడి మరీ బిగుసుకుంటుంది. పెట్రోల్ ముందే గాలితో కలిసి లోపలికి వస్తుంది. డీజిల్‌ను మాత్రం గట్టిగా నొక్కి కాగిన గాలిలోకి సన్నని తుంపరలా చిమ్ముతారు. ఒక్కో తుంపర పైపైన మండుతుంది, నడిమధ్యకు గాలి అందదు. అక్కడ మిగిలిన కార్బన్ నలుసులు మసిగా బయటికొస్తాయి. చుట్టూ మాత్రం గాలి కావలసినదానికన్నా ఎక్కువే ఉంటుంది, వేడీ ఎక్కువే. అందుకని నైట్రోజన్ ఆక్సైడ్లూ పుడతాయి. మసి తగ్గించాలని మంటను వేడిగా మండిస్తే ఆక్సైడ్లు పెరుగుతాయి. ఆక్సైడ్లు తగ్గించాలని మంటను చల్లబరిస్తే మసి పెరుగుతుంది. ఇంజనీర్లు దశాబ్దాలుగా ఈ రెంటి మధ్య నలుగుతున్నారు. ఇంజన్ లోపల దీనికి పూర్తి పరిష్కారం లేదు కాబట్టే, గొట్టం మధ్యలో శుద్ధి చేసే ఏర్పాటు వచ్చింది.

పెట్రోల్ కార్లలో దాన్ని క్యాటలిటిక్ కన్వర్టర్ అంటారు. ఒకసారి మెకానిక్ పాతదాన్ని కోసి చూపించాడు. లోపల తేనెపట్టులా సన్నని కన్నాలున్న పింగాణీ దిమ్మ. ఆ కన్నాల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. బంగారంతో పోటీపడే లోహాలివి, దొంగలు కన్వర్టర్లను కోసుకుపోయేది వీటికోసమే. కార్బన్ మోనాక్సైడ్ ఈ పూతను తాకితే కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, హైడ్రోకార్బన్లు తాకితే కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మారతాయి, నైట్రోజన్ ఆక్సైడ్ తాకితే విడిపోయి మళ్లీ మామూలు నైట్రోజన్ అవుతుంది. కానీ మూడు పనులూ ఒకేసారి జరగాలంటే కిలో పెట్రోల్‌కు 14.7 కిలోల గాలి, ఈ లెక్క తప్పకూడదు. గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ పని ఆ లెక్కను కాపలా కాయడమే. అది పాడైతే డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ లైటు వెలుగుతుంది. చాలామంది "బండి నడుస్తుంది కదా" అని నెలల తరబడి అలాగే నడుపుతారు. బండి నడుస్తుంది, నిజమే. వెనకాల వచ్చే గాలి మాత్రం 30 ఏళ్ల కిందటి కారుదవుతుంది.

ఈ పూతకు సీసం సరిపడదు. ఒకప్పుడు ఇంజన్ కొట్టుకోకుండా పెట్రోల్‌లో సీసం కలిపేవాళ్లు, ఆ సీసం పిల్లల మెదళ్లను దెబ్బతీసేది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు కన్వర్టర్లు తప్పనిసరి చేశారు. వాటికోసం సీసం లేని పెట్రోల్ వచ్చింది. 2000 నాటికి దేశమంతా అదే అయింది.

డీజిల్ బండికి ఈ కన్వర్టర్ సరిపోదు. దాని పొగలో ఆక్సిజన్ ఎక్కువగా మిగిలి ఉంటుంది కాబట్టి నైట్రోజన్ ఆక్సైడ్లు అంత తేలిగ్గా విడిపోవు. అందుకు దొరికిన విరుగుడు మన రైతులకు బాగా తెలిసిన యూరియానే. బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్-6 (భారత్ స్టేజ్-6) నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి, ఆ తర్వాత వచ్చిన లారీలను, బస్సులను గమనించండి, డీజిల్ ట్యాంకు పక్కన నీలం మూతతో ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసేది 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధమైన నీరు. వేడి పొగలో చిమ్మితే అది అమ్మోనియాగా మారి, నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టుకుని నైట్రోజన్‌గా, నీరుగా మార్చేస్తుంది. డ్రైవర్లు దాన్ని ఉత్తినే "యూరియా" అంటారు. పేరు ఒకటే కదా అని పొలంలో చల్లే యూరియాను బకెట్లో కలిపి పోయకూడదు. దానికి వేపనూనె పూత ఉంటుంది, ఇతర మలినాలూ ఉంటాయి. సన్నని నాజిల్ పూడుకుపోతుంది, లోపలి పూత చెడిపోతుంది. మసి కోసం మరో వడపోత ఉంటుంది. చిక్కిన మసిని అది అప్పుడప్పుడు తనలోనే కాల్చేస్తుంది. అందుకు వేడి కావాలి. ఎప్పుడూ బజారులోనే తిరిగే డీజిల్ కారుకు ఆ వేడి రాదు, వడపోత పూడుకుపోతుంది. నెలకోసారైనా హైవే మీద నడపమని షోరూంలో చెప్పేది ఇందుకే.

ఇన్ని చేసినా ఎంత మిగులుతుంది? బీఎస్-6 డీజిల్ కారుకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 80 మిల్లీగ్రాములు. అంతకుముందున్న బీఎస్-4లో అది 250. పరిమితి దాటని కారే నల్గొండ నుంచి హైదరాబాద్‌కు వెళ్లిందనుకుందాం. దారి పొడవునా వదిలేది 8 గ్రాములు. రెండు చిన్న చెంచాల చక్కెర బరువు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మన దేశపు ప్రమాణం ప్రకారం 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్ 80 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ 8 గ్రాములు మొత్తం డయాక్సైడ్‌గా మారితే, లక్ష ఘనపు మీటర్ల శుభ్రమైన గాలిని ఆ గీత దాకా తీసుకెళ్లడానికి చాలు. పదీ పన్నెండు అడుగుల గదులు దాదాపు 3 వేలు ఊహించుకోండి. వాటన్నిటి గాలికి రెండు చెంచాలు చాలు. అదీ ఒక్క కారు, ఒక్క ప్రయాణం, నిబంధన తప్పకుండా.

మసి లెక్క కూడా ఇలాంటిదే. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల నలుసుల సంఖ్యకు బీఎస్-6 ఒక హద్దు పెట్టింది. ఆ హద్దు 60 వేల కోట్లు. ఇది తగ్గించిన తర్వాతి అంకె. పీఎం 2.5 అని పిలిచే నలుసు మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుకు మించదు. ఇంజన్ మసి అంతకన్నా సన్నం. ముక్కులో వెంట్రుకలు, గొంతులో తెమడ దాన్ని ఆపలేవు. ఊపిరితిత్తుల చివరి గాలితిత్తి దాకా వెళ్లి, అక్కడి నుంచి రక్తంలోకి దిగుతుంది. డీజిల్ పొగ మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది. ఒకప్పటి లారీ నల్లటి పొగ వదిలితే కనీసం మనిషి ముక్కు మూసుకునేవాడు. ఇప్పటి నలుసులు కంటికి ఆనవు కాబట్టి ఎవరూ పక్కకు తప్పుకోరు.

కంటికి కనబడనిది ఏం చేయగలదో మా నల్గొండ జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు గ్లాసులో పడితే తేటగా ఉండేవి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, మోతాదు ఇంకా పెరిగితే ఎముకలు వంగుతాయి. నడుములు వంగిన మనుషులను చూశాకే ఆ నీళ్ల సంగతి లోకానికి అర్థమైంది. గాలి విషయంలో అంత ఆలస్యం కాకూడదన్నదే నా ఆరాటం.

మరి పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. పెట్రోల్ బంకు పక్కన ఆగి ఉండే ఆ వ్యానులో ఏం కొలుస్తారో దగ్గరుండి చూశాను. సన్నని గొట్టం సైలెన్సర్‌లో పెట్టి, ఇంజన్ ఊరికే తిరుగుతుండగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిల్ బండికైతే యాక్సిలరేటర్ తొక్కి పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. "నైట్రోజన్ ఆక్సైడ్ ఎంతుందన్నా?" అని అడిగాను. "అది ఈ మిషన్ల రాదు సార్" అన్నాడు. అతని తప్పేం లేదు, పరీక్షే అలా ఉంది. నైట్రోజన్ ఆక్సైడ్లూ, సన్నని నలుసులూ ఆ చీటీలో ఉండవు. నిలబెట్టి చేసే పరీక్షకూ రోడ్డు మీద జరిగేదానికీ ఎంత దూరం ఉండగలదో 2015లో ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారంలో ప్రపంచం చూసింది. పరీక్ష జరుగుతోందని కనిపెట్టి అప్పుడు మాత్రమే శుభ్రంగా నడిచే సాఫ్ట్‌వేర్ దాదాపు కోటీ పది లక్షల డీజిల్ కార్లలో ఉందని బయటపడింది. ఆ తర్వాతే కారును రోడ్డు మీద నడుపుతూ కొలిచే పద్ధతి ఊపందుకుంది. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు అది వర్తిస్తోంది.

2019లో కేంద్రం జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాల జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరుతో పాటు నల్గొండ పేరూ ఉంది. ఇంత చిన్న ఊరు ఆ జాబితాలో ఏమిటని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. దాని నేరమంతా కార్లదే అంటే అన్యాయం. రోడ్డు దుమ్ము, కట్టడాలు, చెత్త తగలబెట్టడం, అన్నీ కలుస్తాయి. ఆ దుమ్ములోనూ టైర్లు అరిగిన పొడి, బ్రేకులు రాలిన పొడి ఉంటుంది. కానీ పెద్ద దుమ్ము కంట్లో పడుతుంది, ముక్కులో ఆగుతుంది. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేది ఎక్కువగా మంటలోంచి పుట్టిన నలుసే.

పైగా గొట్టంలోంచి వచ్చింది వచ్చినట్టే ఉండదు. నైట్రోజన్ డయాక్సైడ్ గాలిలో ఆమ్లంగా మారుతుంది. యాసంగిలో సాగర్ ఎడమ కాలువ కింద వరికి యూరియా చల్లినప్పుడు కొంత అమ్మోనియా పైకి లేస్తుంది. ఈ రెండూ కలిస్తే అమ్మోనియం నైట్రేట్ నలుసులవుతాయి. రోడ్డు మీద పుట్టినదీ, పొలంలో పుట్టినదీ ఆకాశంలో కలిసి కొత్త నలుసవుతుందన్నమాట. ఎండాకాలంలో కథ మారుతుంది. అవే నైట్రోజన్ ఆక్సైడ్లు, అవే హైడ్రోకార్బన్లు మే నెల ఎండకు ఓజోన్‌ను తయారుచేస్తాయి. పైన ఆకాశంలో మనల్ని కాపాడే ఓజోన్ నేల మీద ఊపిరితిత్తులను మండిస్తుంది. దీన్ని కనిపెట్టిన రసాయన శాస్త్రవేత్త హాగెన్ స్మిట్ అప్పటిదాకా అనాసపండు వాసన మీద పరిశోధన చేస్తున్నాడు. 1950ల మొదట్లో లాస్ ఏంజెలస్ మీద కమ్ముకున్న మబ్బులాంటి పొగకు మూలం కార్లూ, చమురు శుద్ధి కర్మాగారాలేనని తేల్చాడు.

చలికాలం తెల్లవారుజామున నల్గొండలోని లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కితే ఊరి మీద బూడిదరంగు పొర ఒకటి పరుచుకుని కనిపిస్తుంది. రాత్రి నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. కింద పుట్టిన పొగ ఆ మూత దాటి పోలేదు. ఎండ ఎక్కి నేల వేడెక్కేదాకా అంతే. సరిగ్గా ఆ వేళకే స్కూల్ బస్సులు, ఆటోలు, బైకు ట్యాంకు మీద ముందు కూర్చున్న పిల్లలు క్లాక్ టవర్ సెంటర్‌లో చేరతారు. పెద్దవాళ్ల ముక్కు కంటే పిల్లల ముక్కు గొట్టానికి దగ్గర. వాళ్లు బరువును బట్టి చూస్తే మనకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు కూడా.

ఇంకొకటి ఉంది, నాకు ఆలస్యంగా తెలిసింది. కన్వర్టర్ చల్లగా ఉన్నంతసేపు పనిచేయదు. ఆ పూత కనీసం 250, 300 డిగ్రీలకు చేరాలి. అప్పటిదాకా ఇంజన్‌లో పుట్టింది పుట్టినట్టే బయటికి పోతుంది. పైగా చల్లటి ఇంజన్‌కు పెట్రోల్ మామూలుకన్నా ఎక్కువ పోయాల్సి వస్తుంది. అందుకే మంచి కన్వర్టర్ ఉన్న కారు ఒక చిన్న ప్రయాణంలో వదిలే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లలో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే వచ్చేస్తుంది. రామగిరి నుంచి కిలోమీటరు దూరంలోని స్కూలుకు కారులో వెళ్లామంటే, ఆ దారిలో సగం శుద్ధి లేని గాలినే వదులుతూ వెళ్లాం. ఊరికే నిలబెట్టి "ఇంజన్ వేడెక్కనీ" అనుకోవడం కూడా పొరపాటే. నిలబడితే ఆలస్యంగా వేడెక్కుతుంది, మెల్లగా నడిపితే తొందరగా వేడెక్కుతుంది.

సైలెన్సర్ కొస నుంచి నీటి చుక్కలు పడుతున్నాయంటే, గొట్టం ఇంకా చల్లగా ఉందని అర్థం. ఇంజన్ అప్పుడే మొదలైందని అర్థం. ఆ రోజు పాప గొంతుక్కూర్చున్నది సరిగ్గా అప్పుడే, సరిగ్గా అక్కడే. నేను ఇంజన్ ఆపలేదు. నల్లటి పొగ లేదు కదా అన్న ధీమాతో, ఆమె పక్కనే వంగి, పెట్రోల్ నుంచి నీళ్లెలా పుడతాయో రెండు మూడు నిమిషాలు చెప్పాను.